కల్లు కుండ, కట్టెల బట్టీ

గోవాలో గోధుమ పండదు. వరి పండుతుంది, కొబ్బరి కాస్తుంది, కొండవాలు నిండా జీడిమామిడి. అన్నం, చేపల పులుసు తిని బతికిన నేల అది. అయినా ఇవాళ ఆ రాష్ట్రంలో ఏ పల్లెకు వెళ్లినా తెల్లవారేసరికి వీధిలో సైకిల్ హారన్ మోగుతుంది. గేట్లకు తగిలించిన గుడ్డసంచుల్లో వేడి రొట్టెలు పడతాయి. సాయంత్రం మళ్లీ అదే హారన్. క్రైస్తవుల ఇళ్లలోనే కాదు, హిందువుల ఇళ్లలోనూ పొద్దున టీకి పావ్ ఉండాల్సిందే. ఆ రొట్టె కాల్చి తెచ్చే మనిషిని అక్కడ పొదేర్ అంటారు. తండ్రి బట్టీ కొడుక్కి, కొడుకు బట్టీ మనవడికి వస్తూ ఆ వృత్తి పోర్చుగీసు కాలం నుంచి నడుస్తోంది. గింజ ఆ నేలది కాదు, కాల్చే పద్ధతి ఆ నేలది కాదు. మరి ఆ కుటుంబాలు దాన్ని ఇన్ని తరాలు ఎలా నిలబెట్టుకున్నాయి? ఇప్పుడెందుకు చెయ్యి వదులుతున్నాయి? ఈ రెండు ప్రశ్నలూ మనసులో పెట్టుకుని క్రిస్మస్‌కు ముందు వారంలో దక్షిణ గోవాకు బయల్దేరాను.

సీబీఎస్‌ఈ పదో తరగతి చదివిన మన పిల్లలకు ఈ పొదేర్ కొత్తవాడు కాదు. వాళ్ల ఇంగ్లిష్ పుస్తకం ‘ఫస్ట్ ఫ్లైట్’లో లూసియో రోడ్రిగ్స్ రాసిన గోవా రొట్టెలవాడి పాఠం ఉంది. వెదురు కర్రను నేలకు కొట్టి చప్పుడు చేసుకుంటూ రావడం, మోకాళ్ల దాకా ఉండే కబాయ్ అనే అంగీ, నెల లెక్కలు పెన్సిల్‌తో గోడ మీద రాసుకోవడం, పిల్లల కోసం గాజు ఆకారంలో చేసే రొట్టె – అన్నీ అందులో ఉన్నాయి. మా అన్న కూతురికి ఆ పాఠం చెబుతున్నప్పుడే నాకు ఆ ఊళ్లు చూడాలన్న కోరిక పుట్టింది. పరీక్షలో ఒక ప్రశ్నగా మిగిలిపోయే పాఠం కాదది.

మాది ఆదోని. మా చిన్నప్పుడు ఇంట్లోకి బ్రెడ్డు వచ్చిందంటే ఎవరికో జ్వరం వచ్చిందని అర్థం. ఆసుపత్రి నుంచి వస్తూ నాన్న మైనపు కాగితంలో చుట్టిన బ్రెడ్డు తెచ్చేవాడు. అమ్మ వేడి పాలలో ముంచి పెట్టేది. ఒళ్లు బాగైన రోజు జొన్నరొట్టె తినేవాళ్లం, బ్రెడ్డు ముట్టేవాళ్లం కాదు. ఆచారం గట్టిగా పాటించే ఇళ్లలోనైతే అసలు గడప దాటనిచ్చేవాళ్లు కాదు. దేనితో పులియబెట్టారో, ఎవరి చేతులు పడ్డాయో అని అనుమానం. ఆ అనుమానం మన దగ్గరే పుట్టింది కాదు. బావిలో పావ్ ముక్క పడేస్తే, ఆ నీళ్లు తాగిన ఊరంతా మతం మారినట్టేనని కొంకణ తీరంలో కథలుగా చెప్పుకునేవాళ్లు. ఒకప్పుడు అంత భయపెట్టిన రొట్టె ఇవాళ మన ఆదోని బజార్లో సాయంత్రం పూట పావ్‌భాజీ బండి మీద పెనానికి అంటుకుని వేగుతోంది. ఆ పావ్ మూలాలు వెతుక్కుంటూనే నేను వెళ్లాను.

గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు, బండి మారక్కర్లేదు. బళ్లారి, హోస్పేట, గదగ్, హుబ్బళ్లి మీదుగా లోండా దగ్గరపడేదాకా మనకు తెలిసిన నల్లరేగడి, జొన్నచేలు, పత్తిచేలు. తర్వాత అడవి. క్యాజిల్ రాక్ ఒకప్పుడు సరిహద్దు స్టేషన్. ఇటు బ్రిటిష్ ఇండియా, అటు పోర్చుగీసు గోవా. ప్రయాణికుల పెట్టెలు అక్కడ తెరిచి చూసేవాళ్లు. అక్కడి నుంచి బండి ఘాట్ దిగుతూ, సొరంగాలు దాటుతూ, దూధ్‌సాగర్ జలపాతం పక్కనుంచి కులెం చేరుతుంది. డిసెంబర్లో జలపాతం సన్నబడినా కిటికీల దగ్గర తోపులాట మాత్రం తగ్గలేదు. మడ్‌గావ్‌లో దిగి, బస్సెక్కి మజోర్డా చేరాను.

మజోర్డానే ఎందుకంటే, గోవా మనుషులు రొట్టె కాల్చడం మొదట నేర్చింది ఆ ఊళ్లోనేనని చెప్పుకుంటారు. పోర్చుగీసువాళ్లు 1510లో బీజాపూర్ సుల్తాన్ నుంచి గోవా లాక్కున్నారు. వాళ్లకు రొట్టె తిండి మాత్రమే కాదు, పూజ కూడా. క్యాథలిక్ ప్రార్థనలో ఇచ్చే అప్పం గోధుమతోనే చెయ్యాలి, బియ్యప్పిండి పనికిరాదు. గోధుమను ఓడల మీద తెప్పించుకోవచ్చు. రోజూ తినే రొట్టెకు పిండిని పొంగించే ఈస్టు మాత్రం దొరకలేదు. ఫ్రాన్సిస్ జేవియర్ 1542లో గోవా వచ్చాక జెస్యూట్ సన్యాసుల సంఖ్య పెరిగింది, మజోర్డా ఉన్న సాల్సెట్ ప్రాంతంలోని పల్లెలు వాళ్ల ప్రభావంలోకి వచ్చాయి. అక్కడ వాళ్ల కళ్లెదుటే కొబ్బరి చెట్ల మీద కల్లు కుండలు వేలాడుతున్నాయి. ఆ కల్లు పోసి పిండి కలిపితే పొంగింది. విదేశీ రొట్టెకు ఊరి కల్లు ప్రాణం పోసిందన్నమాట. గోవా రొట్టె పోర్చుగీసువాళ్లు నేర్పిందే కావచ్చు, కానీ నా లెక్కలో దాన్ని గోవా రొట్టెగా చేసింది ఆ కొబ్బరి చెట్టూ, దాన్ని ఎక్కినవాడూ.

మడ్‌గావ్‌లో ఉన్న ఒక మిత్రుడి మాట సాయంతో పాత పొదేర్ కుటుంబం ఒకటి నన్ను రాత్రి బట్టీ దగ్గర కూర్చోనిచ్చింది. పెంకుటిల్లు, ముందు వరండా, గుమ్మానికి కాగితపు నక్షత్రం. ఇంటి వెనక, పనసచెట్టు కింద బట్టీ గది. ఇంటి పెద్దాయనకు డెబ్భై దాటాయి. ఆయన భార్యను నేను ఆంటీ అన్నాను, ఆయన్ను అంకుల్ అన్నాను. అక్కడ పెద్దవాళ్లను పిలిచేది అలాగే. హిందీలో మాట్లాడుకున్నాం. పనివాళ్లు ఇద్దరు. వాళ్లలో పెద్దవాడు నా ఊరు అడిగి, ‘ఆదోనా అణ్ణా?’ అని కన్నడంలోకి దిగాడు. అతనిది రాయచూరు జిల్లా. వాళ్ల అక్కను ఆదోని దగ్గరి పల్లెకే ఇచ్చారట. ఇద్దరం చుట్టాల్లా పలకరించుకున్నాక ఆ గదిలో నాకు కొత్త పోయింది.

బట్టీ అంటే మన తందూరీ గుంతలాంటిది కాదు. లాటరైట్ రాయి, ఇటుక, మట్టితో కట్టిన గోపురం. మనిషి వంగి లోపలికి పాకగలిగినంత పెద్దది. ముందు చిన్న నోరు, దానికి ఇనప తలుపు. పిండి మధ్యాహ్నమే కలిపి పెట్టారు. అర్ధరాత్రి దాటాక లోపల కట్టెలు పేర్చి నిప్పంటించారు. మొదట గోపురం లోపలి పైకప్పంతా మసిపట్టి నల్లబడింది. ‘ఆ నలుపు పోవాలి’ అన్నాడు పెద్దాయన, కుర్చీలో వెనక్కి వాలి. నాకర్థం కాలేదు. రెండు గంటలు కాబోతుండగా చూస్తే పైన అంటుకున్న మసి దానంతట అదే కాలిపోయి, రాయి తెల్లగా బయటపడింది. వేడి చాలిందనడానికి అదే గుర్తు. థర్మామీటర్ లేదు. బట్టీయే చెబుతుంది.

నిప్పులు ఒక పక్కకు గోకి, పొడవాటి కర్ర చివర తడి గోనెసంచి కట్టి నేలంతా తుడిచారు. ఆవిరి గుప్పుమని గది నిండింది. అప్పుడు పెద్దాయన లేచాడు. ఈ వయసులో ఆయన రొట్టె పని ముట్టడు, కానీ ఈ ఒక్క పని ఎవరికీ ఇవ్వడు. చిటికెడు పిండి తీసి బట్టీ నోట్లోంచి లోపలికి విసిరాడు, వంగి చూశాడు. పిండి పడీపడగానే నల్లబడింది. తల అడ్డంగా ఊపి తలుపు మూయించాడు. కాసేపటికి మళ్లీ విసిరాడు. ఈసారి పిండి మెల్లగా బంగారు రంగుకు తిరిగింది. ‘ఊఁ’ అన్నాడు. అంతే. ఆ ‘ఊఁ’ కోసం చేతిలో తెడ్డు పట్టుకుని నిలబడ్డ రాయచూరు మనిషి చెయ్యి ఆడించడం మొదలుపెట్టాడు.

ఆ తెడ్డు చూడాలి. మనిషికి రెండింతల పొడవున్న కర్ర, చివర పలకగా చెక్కిన చెక్క. దాని మీద పిండి ముద్దలు వరసగా పేర్చి, బట్టీ లోతుకు తోసి, మణికట్టు ఒక్క కుదుపు కుదిపితే ముద్దలన్నీ రాతి మీద దిగి, తెడ్డు ఖాళీగా వెనక్కి వస్తుంది. చిన్నవాడు బల్ల మీద ముద్దలు తయారుచేసి ఇస్తున్నాడు. పావ్‌లైతే ఒకదానికొకటి ఒరుసుకునేలా పెడతారు, అవి కాలేటప్పుడు అతుక్కుని పలకలా వస్తాయి. ఉండో గుండ్రంగా ఉంటుంది. పైన గట్టి పెంకు, నడుమ ఒక గీత. కాత్రే పావ్‌కు నిజంగానే కత్తెర తీసుకుని పిండిని అంచుల్లో కత్తిరిస్తాడు. కాలాక అది రెక్కలు విప్పినట్టు వస్తుంది. కాంకణ్ అంటే కంకణమే, గట్టిగా కరకరలాడే గాజు రొట్టె, టీలో ముంచుకునేది. పేరు విన్నప్పుడే మనకు తెలిసిపోతుంది.

వీటన్నిట్లో నాకు నచ్చింది పోయీ. గోధుమపిండి, తవుడు కలిపి చేస్తారు. పైన కూడా తవుడు చల్లుతారు. బట్టీలోకి వెళ్లేటప్పుడు చపాతీలా చప్పిడిగా ఉంటుంది. రాతి వేడి తగలగానే లోపలి తేమ ఆవిరై దాన్ని పూరీలా పైకి లేపుతుంది. బయటికి తీశాక నెమ్మదిగా కుంగుతుంది, లోపల మాత్రం సంచిలా ఖాళీ ఉండిపోతుంది. అందులో కూర కూరుకుని తింటారు. అప్పుడే తీసిన పోయీని నా చేతిలో పెట్టారు. ఓ చేతి నుంచి మరో చేతికి మార్చుకుంటూ చీల్చాను. తవుడు వాసన, కట్టె పొగ వాసన, వెనక ఎక్కడో చిన్న పులుపు. వెన్న ఉందన్నారు, అక్కర్లేదన్నాను.

ఆ పులుపు గురించే అడిగాను, కల్లుదా అని. పెద్దాయన నవ్వలేదు. నిన్నటి పిండిలో ముద్ద దాచి ఇవాళ్టి పిండిలో కలుపుతామని, దాంతో పాటు ఈస్టు వేస్తామని చెప్పాడు. సూర్ – వాళ్లు కొబ్బరి కల్లును అలా అంటారు – ఆయన తండ్రి కాలంలో రోజూ సాయంత్రం ఈ గది గుమ్మంలోకి వచ్చేదట. గీసేవాడు ఈ వీధి చివరే ఉండేవాడు. రోజుకు మూడుసార్లు చెట్టెక్కేవాడు. పొద్దునా సాయంత్రం కల్లు దించడానికి, మధ్యాహ్నం గెల చివర చెక్కడానికి. అతని కొడుకులు ఒకడు గల్ఫ్‌కు, ఒకడు ఓడ ఉద్యోగానికి వెళ్లిపోయారు. ముసలివాడు చెట్టెక్కడం మానేసిన ఏడే ఈ బట్టీలోకి ఈస్టు వచ్చింది. ‘నేను మార్చలేదు. కల్లు రావడం ఆగింది’ అన్నాడు పెద్దాయన.

ఆ మాట నా చెవిలో చాలాసేపు ఉంది. మనం వంశపారంపర్యం అన్నప్పుడు ఒకే ఇంటిని ఊహించుకుంటాం. తాత నేర్పాడు, మనవడు నేర్చుకున్నాడు అంటాం. కానీ ఒక వృత్తి తరాలు దాటాలంటే దాని చుట్టూ ఉన్న వృత్తులన్నీ దాటాలి. పొదేర్ కొడుకు బట్టీ దగ్గరే ఉన్నా సరే, కల్లు గీసేవాడి కొడుకు వెళ్లిపోతే రొట్టె మారిపోతుంది. కట్టెలు తెచ్చేవాడు, బుట్ట అల్లేవాడు, గేటుకు సంచి తగిలించే ఇల్లాలు – వీళ్లలో ఎవరు తప్పుకున్నా బట్టీకి దెబ్బే. తెలంగాణలో ఈత చెట్టు, తాటి చెట్టు గీసే గౌడన్నలకు ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. చెట్టెక్కే పిల్లలు కరవైతే ఏమేం ఆగిపోతాయో వాళ్లకు ఇప్పటికే తెలుసు. కల్లు కూడా అన్ని రోజులూ ఒకలా ఉండదు. ఎండను బట్టి, దించిన వేళను బట్టి దాని బలం మారుతుంది. దాన్ని నాలుక మీద వేసుకుని ఇవాళ పిండి ఎంతసేపు నానాలో చెప్పడం ఒక విద్య. ఈస్టు పొట్లానికి ఆ విద్యతో పనిలేదు. పొట్లం వచ్చాక ఆ విద్య ఎవరికీ నేర్పాల్సిన అవసరం లేకపోయింది, ఎవరూ నేర్పలేదు.

ఇక ఆయన కొడుకు సంగతి. ఒక్కడే కొడుకు, ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో ఉన్నాడు. అక్కడ గోవా కుటుంబాలు చాలా ఉన్నాయి. గోవా 1961 డిసెంబర్ 19న భారతదేశంలో కలిసింది. అంతకు ముందు అక్కడ పుట్టినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు పోర్చుగల్ పౌరసత్వం నమోదు చేసుకోవచ్చు. ఆ పాస్‌పోర్టుతో ఎంతోమంది యూరప్ వెళ్లారు, బ్రిటన్‌లో స్థిరపడ్డారు. రొట్టె నేర్పిన దేశమే ఆ రొట్టె కాల్చే కుటుంబాల పిల్లలకు బయటికి దారి కూడా చూపించిందని పెద్దాయన ఎవరి మీదా కోపం లేకుండా చెప్పాడు. కొడుకు వెళ్లడం ఆయనకు ఇష్టమే. ‘నేను యాభై ఏళ్లు రాత్రుళ్లు నిద్రపోలేదు. వాడు పోనీ’ అన్నాడు. మన కోనసీమలోనో కడపలోనో గల్ఫ్‌కు కొడుకును పంపిన తండ్రి నోట ఈ మాట ఎన్నిసార్లు వినలేదు! కులవృత్తి పోతోందని బయటి నుంచి వచ్చిన మనలాంటివాళ్లం బాధపడతాం. రాత్రి రెండింటికి నిప్పు ముందు నిలబడే శరీరం ఎవరిదో వాళ్లకు ఆ బాధ వేరేలా ఉంటుంది. ఆయన మాట కాదనే హక్కు నాకు లేదు.

అలాగని బట్టీ ఆగలేదు. సాల్సెట్‌లో చాలా పాత బట్టీలు ఇప్పుడు ఇలాగే నడుస్తున్నాయి. ఇల్లు, బట్టీ పాత కుటుంబానివి. చేతులు కర్ణాటక నుంచో ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చినవాళ్లవి. కొన్నిచోట్ల మొత్తం లీజుకే ఇచ్చేశారు. గోవా రొట్టె పరాయివాళ్ల పాలైందని పత్రికల్లో రాసేవాళ్లున్నారు. నాకలా అనిపించలేదు. రాయచూరు మనిషి పదిహేనో ఏట ఈ గదికి వచ్చాడు. తెడ్డు పట్టడం పెద్దాయన నేర్పాడు, కొడుక్కి నేర్పనిది ఇతనికి నేర్పాడు. ఇప్పుడు చిన్నవాడికి ఇతను నేర్పుతున్నాడు. కొంకణిలో ఇంటింటి పేర్లు, ఎవరికి ఎన్ని పావ్‌లు, ఎవరింట్లో షుగర్ ఉన్నవాళ్లకు పోయీ – అన్నీ అతనికి నోటికి వచ్చు. నన్నడిగితే వారసుడంటే అతనే. సాల్సెట్‌వాళ్లు కూడా ఒకనాడు ఇంకొకరి దగ్గర నేర్చుకున్నవాళ్లే కదా.

తెల్లవారుజామున సైకిళ్లు బయల్దేరాయి. వెనక క్యారియర్ మీద పెద్ద వెదురు బుట్ట, దాని మీద నీలిరంగు ప్లాస్టిక్ పట్టా. పాఠంలోని కర్ర చప్పుడు లేదు, కబాయ్ లేదు, హారన్ ఉంది. రాయచూరు మనిషి వెంట కొంతదూరం నడిచాను. చర్చి ముందు నుంచి, వరి కోసిన పొలం గట్టు మీదుగా, మళ్లీ ఇళ్ల మధ్యకు. ఎవరూ తలుపు తీసి బయటికి రావడం లేదు. సంచిలో డబ్బులు ముందే ఉంటాయి, లేదా నెలకోసారి. ఒక గేటు దగ్గర సంచి లేదు. అతను ఆగి, రెండుసార్లు హారన్ కొట్టి, లోపలి నుంచి ముసలావిడ గొంతు వినిపించాకే కదిలాడు. ఒంటరిగా ఉంటుందట. పొద్దున ఆమెను పలకరించే మొదటి మనిషి పొదేరే.

ఆ మధ్యాహ్నం బట్టీ గది నిద్రపోతుంటే వంటింట్లో ఆంటీ పొయ్యి రాజేసింది. రాత్రి రొట్టె మగవాళ్ల వరస అయితే, క్రిస్మస్ పిండివంటలు ఆడవాళ్ల వరస. ఆమె ఆ రోజు బెబింకా చేస్తోంది. చిక్కటి కొబ్బరి పాలు, చక్కెర, డజను గుడ్ల పచ్చసొన, కొంచెం మైదా, జాజికాయ. కలిపితే దోసెల పిండి కంటే పలచగా వచ్చింది. పాత్రలో నెయ్యి వేసి, గరిటెడు పోసి, మూత పెట్టి, మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు పేర్చింది. వేడి పైనుంచే రావాలి. పది, పదిహేను నిమిషాలకు మూత తీస్తే పొర పైభాగం ఎర్రగా కాలి ఉంది. దాని మీద చెంచా నెయ్యి, మళ్లీ గరిటెడు పిండి, మళ్లీ మూత, మళ్లీ నిప్పులు. ఇలా ఏడు పొరలు. పదహారు పొరలు వేసేవాళ్లూ ఉన్నారు, వాళ్ల అత్తగారు వేసేదట. ‘ఆవిడకు ఓపిక, నాకు మోకాళ్లు’ అంది ఆంటీ. పొర కాలుతున్నంతసేపూ లేచి వేరే పనికి పోవడానికి లేదు. నిప్పు ఎక్కువైతే చేదు, తక్కువైతే పై పొర కిందిదానిలో కలిసిపోతుంది. కత్తితో కోసినప్పుడు లేతరంగు, ముదురురంగు చారలు ఒకదాని మీద ఒకటి తేటగా కనిపించాలి. ఆ ముదురు చార ఒక్కోటీ ఆమె మూత ఎత్తి చూసిన ఒక్కో క్షణం.

పాత గోవాలోని సాంతా మోనికా కాన్వెంట్‌లో బెబియానా అనే సన్యాసిని దీన్ని మొదట చేసిందని, ఆమె పేరే దీనికి వచ్చిందని చెప్పుకుంటారు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు, జీఐ ట్యాగ్, దక్కింది. ఇప్పుడు విమానాశ్రయంలోనూ డబ్బాల్లో అమ్ముతున్నారు. ఇంట్లో పొర పొరగా కాల్చినదానికీ దానికీ తేడా నాలుకకు వెంటనే తెలుస్తుంది. గుర్తింపు పత్రం పేరును కాపాడుతుంది. మూత పక్కన కూర్చునే ఓపికను మాత్రం ఎవరో ఒక కోడలో కూతురో కాపాడాలి. ఆంటీ కూతురు మడ్‌గావ్‌లో ఉద్యోగం చేస్తుంది, సెలవు పెట్టి ఆ రోజు వచ్చింది. నాలుగో పొర నుంచి తల్లి కుర్చీలో కూర్చుని చెబుతుంటే కూతురే పోసింది. ఐదో పొర కాస్త మాడింది. తల్లి ఏమీ అనలేదు, నిప్పులు రెండు తీసి పక్కన పెట్టింది.

బల్ల మీద అప్పటికే చేసిపెట్టిన పిండివంటలు ఉన్నాయి. నల్లబెల్లం, కొబ్బరి పాల దోదోల్, రవ్వ, కొబ్బరి కలిపి కాల్చిన బొలిన్యాస్. ఇంకో పళ్లెం చూసి నాకు నోట మాట రాలేదు. అవి మన కజ్జికాయలే. అంచు మడత కూడా మా అమ్మ మడిచినట్టే. వాళ్లు నెవ్‌రియో అంటారు. మతం మారినా, ప్రభుత్వాలు మారినా, అమ్మమ్మల చేతి నుంచి ఆ మడత అలాగే వచ్చింది. ఈ పిండివంటలన్నిటినీ కలిపి కుస్వాడ్ అంటారు. పళ్లేల్లో సర్ది, మీద గుడ్డ కప్పి, ఇరుగుపొరుగుకు పంచుతారు. పక్కింటి హిందూ కుటుంబానికీ ఒక పళ్లెం వెళ్తుంది. వినాయక చవితికి ఆ ఇంటి నుంచి ఇలాగే పళ్లెం వస్తుందట. పళ్లెం ఖాళీగా తిరిగి పంపకూడదన్న పట్టింపు వాళ్లకూ ఉంది, మనకున్నట్టే.

బయల్దేరే ముందు పెద్దాయనను ఒకటడిగాను. మీ తర్వాత ఈ బట్టీ ఏమవుతుంది? స్థలానికి మంచి ధర వస్తుందని, హోటల్‌వాళ్లు వచ్చి అడిగారని చెప్పాడు. అమ్మనన్నాడట. ఎందుకని అడిగితే, ‘పొద్దున్నే వీధిలో అంతమందికి రొట్టె ఎవరిస్తారు?’ అన్నాడు. కుటుంబ గౌరవం, పూర్వీకుల జ్ఞాపకం లాంటి పెద్ద మాటలు ఆయన నోట రాలేదు. గేటుకు సంచి తగిలించేవాళ్లు ఉన్నంతకాలం బట్టీ ఉండాలన్నదే ఆయన లెక్క. ఆ సంచులు తగ్గుతున్నాయి. సూపర్ మార్కెట్లో ముక్కలు కోసిన బ్రెడ్డు వారం రోజులు నిలవుంటుంది, పొదేర్ రొట్టె సాయంత్రానికి గట్టిపడుతుంది. కట్టెల ధర, మైదా ధర పెరుగుతున్నాయి. పావ్ ధర ఒక్క రూపాయి పెంచాలన్నా గోవాలో అదో పెద్ద వార్త. పావ్ ధర ఇప్పటికీ కొద్ది రూపాయలే. ఆ ధరకు రాత్రంతా నిప్పు ముందు నిలబడే మనిషి ఎంతకాలం దొరుకుతాడు?

మన రెండు రాష్ట్రాల నుంచి ఏటా ఎంతోమంది గోవా వెళ్తారు. బీచ్ చూస్తారు, చర్చి చూస్తారు, హోటల్లో టిఫిన్‌కు ఇడ్లీ అడుగుతారు. మీరు వెళ్తే ఒక్క పొద్దున దక్షిణాన మజోర్డా, బెతాల్‌భాటి, కొల్వా వైపు ఏదైనా పల్లెలో మేలుకోండి. ఆరు గంటలకల్లా వీధిలో నిలబడండి, సాయంత్రమైతే నాలుగు దాటాక. హారన్ వినగానే చెయ్యెత్తండి. చిల్లర దగ్గర పెట్టుకోండి, బేరమాడకండి. వేడి ఉండగానే అక్కడే తినండి, కూర కోసం ఆగొద్దు. తిన్నాక బట్టీ ఎక్కడుందో అడిగితే సంతోషంగా చూపిస్తారు. వెళ్లి చూడండి, పిల్లలకు చూపించండి. పోయీ అన్నిటికంటే ముందు అయిపోతుంది, మొదట అదే అడగండి.